నీలికప్పకు నేను పెట్టిన చీమలు

నాకు కప్పలంటే భయం లేదు. మాది కడప వైపు. కప్ప కనబడిందంటే వాన పడిందని అర్థం, వాన పడిందంటే ఇంట్లో అందరి మొహాలూ విచ్చుకునేవి. గుంటల్లో అవి రాత్రంతా గోల చేస్తుంటే, ఆ గోల వింటూ హాయిగా నిద్రపోయినదాన్ని. అట్లాంటిదాన్ని ఈ అరబ్బు దేశానికొచ్చి, సీబ్ అనే ఊళ్లో ఒక విల్లా వెనక గదిలో, నా బొటనవేలంత లేని కప్పకి జడిసి చచ్చాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఆ మధ్యాహ్నం నేను పడిన భయం వాళ్లు పడలేదు కదా.

ఆ ఇంట్లో పనికి చేరి కొన్నేళ్లయింది. ఇక్కడ యజమానురాలిని మామా అని పిలుస్తాం, యజమానిని బాబా అంటాం. మీసాలున్న మేనమామను పిలిచే పిలుపుతో ఒక ఆడమనిషిని పిలవడానికి మొదట్లో నాకు నవ్వాగేది కాదు. ఇప్పుడు అలవాటైపోయింది. వాళ్లకి యూనివర్సిటీలో చదివే కొడుకు, చాలా ఏళ్ల తర్వాత పుట్టిన ఒక పాప. పాపను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు నుంచీ నా చేతుల్లోనే పెరిగింది. స్నానం నేనే, జోల నేనే, అన్నం నేనే. పప్పన్నం మెత్తగా కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టేదాన్ని. ఆ పిల్లకి మాటలన్నీ అరబీలోనే వచ్చాయి గానీ, ఆకలేస్తే మాత్రం ‘ముద్ద’ అంటుంది. మామా కూడా బయటి నుంచి ఫోన్ చేస్తే ముందు ‘ముద్ద తిన్నదా?’ అనే అడుగుతుంది.

కప్పలను తెచ్చింది ఆ కొడుకు. ఒకరోజు కారులోంచి అద్దాల పెట్టె దించాడు, తర్వాత మొక్కలు, నాచు, చెట్టు బెరడు ముక్కలు దించాడు. హాల్లో పెట్టనివ్వనని మామా ఒంటికాలి మీద లేచింది. దాంతో ఆ సంసారమంతా బట్టలు ఉతికే గది పక్కనున్న చిన్న గదిలోకి, అంటే నా గదికి గోడ అవతలికి వచ్చి చేరింది. పెట్టెలో రెండే కప్పలు. నీలం రంగు, మీద నల్ల మచ్చలు. తెల్లబట్టలకి పెట్టే నీలిమందు చిక్కగా కలిపితే ఉంటుందే, అచ్చం ఆ నీలం. దేవుడు చేసిన జీవికి అంత రంగు ఉంటుందని నేననుకోలేదు. చూడగానే బాగుందనిపించింది, ఆ వెంటనే ఎందుకో ఒళ్లు జలదరించింది.

‘ఇవి విషపు కప్పలు’ అన్నాడు వాడు, పరీక్ష పాసైనంత సంబరంగా. మేం మాట్లాడుకునేది వంటింటి అరబీ, అందులో కొంచెం హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. సముద్రాల అవతల ఎక్కడో, రోజూ వానపడే అడవి వీటి ఊరట. మిగతా కప్పలు రాత్రిపూట దొంగచాటుగా తిరిగితే, ఇవి పట్టపగలే ఆకుల మీద దర్జాగా తిరుగుతాయట. కోరలు లేవు, కొమ్ముల్లేవు, కుట్టవు, కరవవు. విషమంతా చర్మంలోనే ఉంటుంది. ఆ రంగు చూసే పాములూ పక్షులూ దూరంగా జరుగుతాయి. పొరపాటున నోట పెట్టుకున్న జీవికి నాలుక మొద్దుబారిపోతుంది. వీటి చుట్టాల్లో పసుపుపచ్చదొకటి ఉందట, దాని వీపుకి బాణం మొన రుద్ది ఆ అడవి మనుషులు వేటకి పోతారట. దాని విషం గుండెనే ఆపేస్తుందట.

నేను నా చేతులకేసి చూసుకున్నాను. బాత్‌రూములు బ్లీచుతో కడిగీ కడిగీ వేళ్ల సందులన్నీ పగిలిపోయి ఉన్నాయి. ‘బాబూ, వీటి పని మాత్రం నాకు చెప్పొద్దు’ అన్నాను. వాడు నవ్వాడు. వాడు క్లాసుకి పోయినప్పుడు పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాల్సింది ఇంకెవరు? ఆ పని నా నెత్తినే పడింది. గ్లౌజుల పెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు.

మొదట్లో అద్దం తలుపు వేలెడంత జరిపి, మొహం పక్కకి తిప్పుకుని, స్ప్రే బాటిల్‌తో నాలుగుసార్లు కొట్టి పారిపోయేదాన్ని. పక్క విల్లాలో పనిచేసే గోదావరి అక్క నా భయం చూసి ఊరికే ఉండేది కాదు. ప్రహరీగోడ అవతల బట్టలు ఆరేస్తూ, ‘ఏమ్మాయ్, నీ కప్ప ఇంకా నిన్ను మింగలేదేంటే?’ అని రోజూ ఆటపట్టించేది.

ఒకరోజు తెగించి ఆ అబ్బాయిని అడిగాను, ఇంత విషమున్నదాన్ని చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఎట్లా పెట్టావని. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆ విషం కప్ప పుట్టుకతో తెచ్చుకున్నది కాదట. అడవిలో అది తినే చీమల్లో, కంటికి ఆనని పురుగుల్లో ఉంటుందట. వాటిని తిని తిని, ఆ విషాన్ని తన చర్మంలో దాచుకుంటుంది. ఇవి అద్దాల పెట్టెలో పుట్టి పెరిగినవి. వీటికి వాడు పెట్టేది అరటిపండు గుజ్జులో సీసాలో పెంచే, రెక్కలున్నా ఎగరలేని సన్న ఈగలు. చీమలు లేవు కాబట్టి విషం లేదు.

‘మరి గ్లౌజులెందుకు?’

‘నీకోసం కాదు. కప్ప కోసం. అది చర్మంతోనే నీళ్లు తాగుతుంది. మన చేతికి సబ్బు, మందు ఏది ఉన్నా దాని ఒంట్లోకి పోతుంది.’

ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. చీమలు లేకపోతే విషం లేదన్న ముక్క మాత్రం బుర్రలో నాటుకుంది. భయం కొంచెం తగ్గింది. మొహం తిప్పుకోకుండా చూడటం మొదలుపెట్టాను. చూస్తే నాకు తెలిసిన సంసారమే అందులోనూ ఉంది. ఆడది ఆకు మీద గుడ్లు పెట్టి తన దారిన తాను పోయింది. మగది మాత్రం వాటి దగ్గరే కాపలా కూర్చుంది. నీళ్లలోకి పోయి ఒళ్లు తడుపుకొచ్చి, ఆ తడి గుడ్లకి పట్టిస్తుంది. పిల్లలు బయటికొచ్చాక ఒక్కొక్కదాన్నీ వీపుకి ఎక్కించుకుని నీళ్లున్న చోటికి చేరుస్తుంది. తోకతో నల్లగా ఉన్న పిల్ల దాని వీపున అంటుకుని ఉంటే చూసి, నాలాగే ఆయా పని చేస్తోందే అనుకున్నాను. పాపను ఎత్తుకుని చూపించేదాన్ని కూడా. పాప అద్దానికి ముక్కు ఆనించి కిలకిలా నవ్వేది.

నాకొక అలవాటుంది. శుక్రవారం పొద్దున, ఇంట్లో ఎవరూ లేవకముందే, వెనక గుమ్మం దగ్గర గ్యాస్ సిలిండర్ పక్కన అరచేతంత ముగ్గు వేస్తాను. సుద్దపిండితో కాదు, బియ్యప్పిండితో. ముగ్గు మనకోసం కాదు, చీమల కడుపు నిండటానికి అని మా ఇంట్లో చెప్పేవాళ్లు. తెలియని దేశంలో తెలియని ఇంట్లో ఉన్నా ఆ ఒక్క పని చేస్తే నాకు వారమంతా ధైర్యంగా ఉండేది. మామా ఒకసారి చూసి ఏమిటని అడిగింది. చీమలకి అన్నాను. మంచిదే, పెట్టు అంది. గోదావరి అక్క మాత్రం, ‘ఎడారిలో చీమలకి సంతర్పణ చేస్తున్నావా, ఊరుకోవే’ అని నవ్వింది.

ఆ శుక్రవారం కూడా వేశాను. మామా తన చెల్లెలికి పురుడొచ్చిందని డ్రైవర్‌తో అల్ అమెరాత్ అనే ఊరికి వెళ్లింది. నేను బాత్‌రూములన్నీ బ్లీచు పోసి కడిగి, పాపకి పాలు పట్టి హాల్లో పరుపు మీద నిద్రపుచ్చాను. బాబా, కొడుకు నమాజుకి బయల్దేరారు. ఇల్లు సద్దుమణిగాక కప్పలకి నీళ్లు చిలకరించడానికి వెనక గదిలోకి పోయాను.

చీమలు. గుమ్మం కింద నుంచి బారు కట్టి, గోడ వెంట వచ్చి, బల్ల కాలు ఎక్కి, అరటిపండు గుజ్జు సీసాను చుట్టేసి, అక్కడి నుంచి అద్దాల పెట్టె మూత జాలీలోంచి లోపలికి దిగుతున్నాయి. నా ముగ్గు తిన్న చీమలే. తుడుద్దామని అద్దం తలుపు పూర్తిగా జరిపాను. అప్పుడే చూశాను. మళ్లీ పెట్టిన గుడ్ల పక్కన కూర్చున్న మగకప్ప మెడ కొంచెం వంచింది. నాలుక ఇట్లా వచ్చి అట్లా పోయింది. చీమ లేదు. ఇంకో చీమ. అదీ లేదు. ఎప్పటినుంచి తింటోందో ఏమో, పొట్ట ఉబ్బి ఉంది.

చీమలు లేవు కాబట్టి విషం లేదన్నాడు కదా. ఇప్పుడు చీమలున్నాయి. ఎన్ని శుక్రవారాల నుంచి ఇవి వస్తున్నాయో, ఎన్ని తిన్నదో, ఎంత విషం దాచుకుందో నాకేం తెలుసు? పసిపిల్ల తిరిగే ఇంట్లో కప్పకి నా చేత్తోనే విషం మేపాను. అది నా వైపు తిరిగి కూర్చుంది. అదే నీలం, అవే నల్లకళ్లు. నిన్నటిదాకా ఆయాలా కనిపించింది, ఇప్పుడు మాత్రం అడుగు ముందుకి వెయ్యబుద్ధి కాలేదు. ఆ అబ్బాయికి చెప్పేయాలని ఫోన్ కోసం నా గదిలోకి పరిగెత్తాను. ఫోన్ ఆఫ్. నమాజులో ఉన్నాడు. మళ్లీ చేశాను. ఆఫ్. ఆ కంగారులో పెట్టె తలుపు తీసే వచ్చానన్న సంగతే నాకు గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి పాప నేల మీద కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నడిచి వచ్చిందో. నీలికప్ప దాని మోకాలి మీద ఉంది. ఎడంచేత్తో దాన్ని అదిమి పట్టుకుంది. కుడిచేతి వేళ్లు నోట్లో ఉన్నాయి.

ఒక్క గెంతులో పోయి కప్పని గుప్పిట్లో పట్టి లాగేశాను. గ్లౌజులు లేవు, ఏం లేవు. నా చేతిలో అది చల్లగా కొట్టుకుంది. పెట్టెలో పడేసి తలుపు మూసి, పాపను చంకనేసుకుని సింకు దగ్గరికి పరిగెత్తాను. నోట్లో వేలుపెట్టి కడిగాను, చేతులు కడిగాను, మళ్లీ నోరు కడిగాను. పాప ఉక్కిరిబిక్కిరై ఏడ్చింది. ఏడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది, నాలుక ఆడుతోంది కదా అని. ఆ మరుక్షణమే ఏడుపు ఆగింది. ఎందుకాగిందా అని పై ప్రాణాలు పైనే పోయాయి.

మామాకి చేశాను. ఎత్తలేదు. అబ్బాయికి చేశాను. ఆఫ్. బాబాకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పాపను ఎత్తుకునే వెనక్కి పోయి గోడ మీద కొట్టాను. గోదావరి అక్క తల పైకి వచ్చింది.

‘అక్కా, పాప కప్పను పట్టుకునింది. ఏళ్లు నోట్లో పెట్టుకునింది. నాకు కాళ్లు చేతులు ఆడటంల్యా.’

ఆమె మొహంలో నవ్వు లేదు. ‘ఉప్పునీళ్లు పట్టి కక్కించెయ్యే. లేపోతే పాలు పట్టు. ఏదోటి చెయ్యి, అలా నిలబడిపోకు.’

‘ఏదో ఒకటి చేసి ఇంకేమన్నా అయితే?’

‘మా బాబా కూడా మసీదుకే ఎల్లాడమ్మాయ్. కారు లేదు. నేనొచ్చేద్దునే, ఇంట్లో ముసలావిడ ఒక్కత్తే ఉంది’ అంటూ ఆమే ఏడుపు మొహం పెట్టింది. మా ఇద్దరి తలల మీద నుంచి ఒక విమానం దిగుతూ పోయింది.

లోపలికొచ్చి పాపను ఒళ్లో వేసుకుని నేల మీద కూర్చున్నాను. పెదాలు చూశాను. ఎర్రగానే ఉన్నాయి. గోళ్లు చూశాను. గుండె మీద చెయ్యి పెడితే టకటకా కొట్టుకుంటోంది, అది దాని గుండో నా గుండో తెలియలేదు. ఇట్లా కూర్చుంటే ఎప్పటికి తెలుస్తుంది? మొద్దుబారితే ఆ పసిది నాకు చెప్పగలదా? చెప్పగలిగేది నేను ఒక్కదాన్నే. కప్ప నా పగుళ్ల చేతిలో పిల్ల చేతికంటే గట్టిగా నలిగింది. విషముంటే నా చేతికీ అంటి ఉంటుంది. పాప చేతులు కడిగాను గానీ, నా కుడిచేతికి ఒకపక్క నీళ్లు సరిగా తగల్లేదు.

ఇప్పుడు తలుచుకుంటే అది ధైర్యమో మతిపోవడమో నాకే తెలియదు. ముందు లేచి స్టవ్ మీదున్న చారు దింపి గ్యాస్ కట్టేశాను. వీధిగేటు గడియ తీసి బార్లా తెరిచాను, నేను పడిపోతే వచ్చినవాళ్లు తలుపు బద్దలు కొట్టుకుంటూ ఆలస్యం చేయకూడదని. చాకులున్న అర మూశాను. పాపను పరుపు మీద కూర్చోబెట్టి చుట్టూ దిండ్లు పెట్టాను. అప్పుడు కళ్లు మూసుకుని నా అరచేతిని నాకాను.

మండింది. గుండె ఆగిపోయిందనే అనుకున్నాను. కాదు, బ్లీచు మంట. దాని వెనక కొంచెం బియ్యప్పిండి రుచి. నాలుకని పళ్లతో కొరికి చూసుకున్నాను. నొప్పి తెలిసింది. మళ్లీ కొరికాను. తెలిసింది. నొప్పి తెలిసిన ప్రతిసారీ పాప మొహం చూశాను. దానికి ఇదంతా కొత్త ఆటలా ఉంది, అది కూడా నాలుక బయటపెట్టి పళ్ల మధ్య పెట్టుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే నాలుక కొరుక్కుంటూ కూర్చున్నాను.

నమాజు ముగించుకుని వచ్చిన తండ్రీకొడుకులకి కనిపించిన దృశ్యం అది. గేటు బార్లా తీసి ఉంది, పనిమనిషి నోట్లోంచి రక్తం, పిల్ల దిండ్ల మధ్య. బాబా కేక పెట్టాడు. నాకొచ్చిన అరబీ అంతా మరిచిపోయి తెలుగులో చెప్పుకుపోయాను. ఆ అబ్బాయి నా భుజాలు పట్టి ఊపితే గానీ మాట దారికి రాలేదు. చీమలని చూపించాను. ముగ్గుని చూపించాను.

వాడు నుదురు కొట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఈ చీమల్లో ఆ సరుకు ఉండదట. ఆ అడవి వేరు, ఆ చీమలు వేరు. ఈ ఊరి చీమలను ఎన్ని తిన్నా పొట్ట నిండుతుందేగానీ విషం రాదు. ‘పిల్లకేం కాదు, నీకూ ఏం కాదు’ అన్నాడు. అయినా బాబా వినలేదు, మమ్మల్ని కారెక్కించాడు. ఆస్పత్రిలో డాక్టరు పాపను పూర్తిగా చూసి పంపించేశాడు. నా నాలుక చూసి, మందు రాసి, దీన్ని ఏం కరిచిందని అడిగాడు. బాబా మొదటిసారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగొచ్చేదాకా పాపను ఒళ్లోంచి దించలేదు.

ఇంటికొచ్చేసరికి మామా వచ్చేసి ఉంది. కూతుర్ని గుండెకి హత్తుకుంది. కొడుకు జరిగిందంతా చెబుతుంటే విని, నా తల మీద చెయ్యి వేసింది. అంతా తేలికపడింది అనుకుంటుండగా వెనక గదిలోంచి అబ్బాయి పిలిచాడు.

మగకప్ప నాచు మీద కాళ్లు చాపేసి ఉంది. నీలం పాలిపోయింది. వాడు దాన్ని మంచినీళ్ల గిన్నెలోకి మార్చి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మార్చాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

‘గ్లౌజులతోనే పట్టుకున్నావా?’

‘లేదు.’

‘అంతకుముందు ఏం కడిగావు?’

నేను నా చేతులు చూసుకున్నాను. ‘బ్లీచు’ అన్నాను. సాయంత్రం నమాజు పిలుపు వినిపించే వేళకి అది చచ్చిపోయింది. వాడు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీ చీమలకి పెట్టుకో, గేటు బయట పెట్టుకో అని మాత్రం అన్నాడు.

ఆకు మీద గుడ్లు అట్లాగే ఉన్నాయి. తడిపే తండ్రి లేడు. నేను తడుపుతానన్నాను. గ్లౌజులు వేసుకుని, చుక్క చుక్కగా నీళ్లు వదిలాను. మధ్యాహ్నమంతా దాని ఒంట్లో విషముందని జడిశాను. దాని ఒంట్లో ఏమీ లేదు. విషం నా చేతులకే ఉంది. ఈ చేతులతోనే రోజూ పాపకి స్నానం చేయించాను, నోట్లో వేలుపెట్టి కడిగాను, ముద్దలు చేసి పెట్టాను. కప్పంటే పడిన భయం పోయింది గానీ, నా చేతులంటే భయం పట్టుకుంది.

వంటింట్లో సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కున్నాను. వాసన చూశాను. మళ్లీ కడిగాను. నిమ్మకాయ చెక్క తెచ్చి రుద్దితే పగుళ్లన్నీ భగ్గుమన్నాయి, అయినా రుద్దాను. వెనక నుంచి ఎవరో నా చీర కుచ్చిళ్లు లాగారు. పాప. తల పైకెత్తి నోరు తెరిచి నిలబడి ఉంది.

‘ముద్ద’ అంది.

చెంచా తీసుకున్నాను. పప్పన్నం చెంచాతో కలిపి నోటి దగ్గర పెట్టాను. పాప మొహం పక్కకి తిప్పుకుని చెంచాని నెట్టేసింది. నా చెయ్యి లాక్కుని, వేళ్లు పళ్లెంలోకి తోసింది.

‘ముద్ద’ అంది మళ్లీ.

చేత్తోనే కలిపి, చిన్న ముద్ద చేశాను. ముందు నేను తిని చూశాను. తర్వాత దాని నోట్లో పెట్టాను.